మా సినిమా పండగ: తరచుగా అడిగే ప్రశ్నలు

పండగకి నెల ముందు నుంచీ ఫోన్లు మొదలవుతాయి. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి గొంతు పోతోందని ఈసారి రాసి పెట్టాం. చదివాక ఇంకా అనుమానం ఉంటే ఫోన్ చేయండి, విసుక్కోం. మధ్యాహ్నం రెండు నుంచి మూడు మాత్రం వద్దు, ఆ టైములో మా వాళ్లలో సగం మంది కునుకు తీస్తారు.

విజయనగరంలో సినిమా పండగ దేనికి? విశాఖ పక్కనే ఉంది కదా?

పక్కనే ఉంది. ఫోనులో ప్రపంచమంతా ఉంది. సినిమా దొరక్క ఇవాళ ఎవరూ బాధపడటం లేదు. మాకు కొరతగా అనిపించింది వేరే. ఒక సినిమాని నలుగురూ ఒకచోట కూచుని చూసి, బయటికొచ్చి టీ తాగుతూ దాని మీద దెబ్బలాడుకోవడం ఊళ్లో తగ్గిపోయింది. 1892లో కన్యాశుల్కం నాటకం మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే. నాటకం చూసి నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోయే ఊరు కాదిది.

మొదటి ఏడాది మేమూ అందరిలాగే చేశాం. వేదిక, జ్యోతి వెలిగించడం, శాలువాలు, ఫ్లెక్సీలు. ముందు వరసల నిండా షార్ట్ ఫిలిం దర్శకులు, వాళ్ల స్నేహితులు. తమ సినిమా అయిపోగానే ఫోటో దిగి వెళ్లిపోయేవారు. రెండో రోజు సాయంత్రం గేటు బయట టీ అమ్ముకునే ఆయన నన్ను ఆపి, "లోపలేటవుతోంది బాబూ? మాలాటోళ్లు రావొచ్చేటి?" అన్నాడు. టికెట్ లేదు, గేటు తీసే ఉంది. అయినా రెండు రోజులు బయటే నిలబడ్డాడు. రావొచ్చని చెప్పే బోర్డు ఒక్కటి కూడా మేం పెట్టలేదు మరి.

ఆ రాత్రి కూచుని మాట్లాడుకున్నాం. దీన్ని తీసేవాళ్ల కోసం నడుపుతున్నామా, చూసేవాళ్ల కోసం నడుపుతున్నామా? చూసేవాళ్ల కోసమే అని తేల్చుకున్నాం. కింద చదవబోయే పద్ధతులన్నీ ఆ ఒక్క మాట నుంచి పుట్టినవే. దర్శకులకు ఇందులో కొన్ని నచ్చవు. తెలుసు.

"మన ప్రాంతం సినిమాలు" అంటారు. ఏది మన ప్రాంతం?

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రం వైపు, సాలూరు, పార్వతీపురం, సీతంపేట వైపు కొండలు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయింది. మా లెక్కలో ఎవరూ ఎక్కడికీ పోలేదు.

ఒడిశా సరిహద్దు దగ్గర మాత్రం మేం గీత గీయం. ఇచ్ఛాపురం బజారులో తెలుగు, ఒడియా రెండూ ఒకే నోట వినిపిస్తాయి. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది, గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసింది అక్కడ ఉండే. అందుకని ఒడియా సినిమా, సవర భాషలో తీసిన సినిమా మాకు పరభాషా సినిమాలు కావు. ఫారంలో "భాష" అనే గడిలో ఏం రాసినా ఫరవాలేదు.

ఇక్కడి వాళ్లు వేరే చోట తీసిన సినిమా కూడా తీసుకుంటాం. శ్రీకాకుళం మనిషి హైదరాబాద్ అపార్ట్‌మెంటు సెల్లార్లో వాచ్‌మన్‌గా ఉంటే, ఆ సెల్లారు కథ మన ప్రాంతం కథే.

సినిమాలు ఎవరు ఎంపిక చేస్తారు? ఎలా?

ఏడుగురం. అందులో ఒక హైస్కూలు టీచరమ్మ, ఒక ఇన్సూరెన్సు ఏజెంటు, థియేటర్లో ఆపరేటరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, డిగ్రీ చదివే ఇద్దరు ఆడపిల్లలు, కుట్టు మిషన్ మీద బతికే ఒకావిడ, నేను. సినిమా పరిశ్రమలో పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. కావాలనే లేరు.

వచ్చిన ప్రతి సినిమానీ పూర్తిగా చూస్తాం. ఫోనులో చూడం, గోడ మీద వేసుకుని చూస్తాం. మార్కులు వేయం. మొదట్లో పదికి ఇన్ని అని వేసేవాళ్లం. చివరికి అందరికీ ఏడేసి మార్కులు వచ్చిన సినిమాలే మిగిలాయి. ఎవరికీ అభ్యంతరం లేని సినిమాలు, చూసిన మర్నాటికి గుర్తు లేని సినిమాలు. ఇప్పుడు చూశాక మాట్లాడుకుంటాం. "బాగానే ఉంది" అని అందరూ అన్న సినిమాని మామూలుగా పక్కన పెడతాం. ఇద్దరు గట్టిగా కావాలని, ఇద్దరు గట్టిగా వద్దని పట్టుబడితే దాన్ని ఇంకోసారి చూస్తాం. ఎక్కువసార్లు అదే ఎంపికవుతుంది.

మా ఆపరేటరు గారి సంగతి చెప్పాలి. ఆయన కథ గురించి ఒక్క మాట అనరు. "ఆ మూడో సీనులో గిన్నె కింద పెట్టింది, శబ్దం రాలేదు" అంటారు. వెనక్కి తిప్పి చూస్తే నిజమే. సంగీతంతో కప్పేశారు. చేతిలో గిన్నెకి బరువు లేని సినిమాలో మనుషులకీ బరువు ఉండదని ఆయన వాదన. మొదట నవ్వుకున్నాం. ఇప్పుడు మేమంతా గిన్నెల కోసమే వింటున్నాం.

"జోడీ ఆట" అంటే ఏమిటి?

ఇక్కడి చిన్న సినిమా ఒకటి, ఎక్కడిదో పెద్ద సినిమా ఒకటి కలిపి ఒకే ఆటగా వేస్తాం. మధ్యలో పావుగంట టీ. మా కార్యక్రమంలో మేం గట్టిగా నమ్మే పద్ధతి ఏదైనా ఉందంటే ఇదే.

చిన్న సినిమాలన్నీ ఒక మూటగా కట్టి వరసగా పదేసి వేస్తే ఏదీ నిలవదు. కళ్లు అలసిపోతాయి. పైగా "లోకల్ వాళ్లది ఏదో తీశారులే" అన్న జాలి చూపు ఒకటి వస్తుంది. అదే సినిమాని పేరున్న దర్శకుడి సినిమా పక్కన పెడితే ప్రేక్షకుడు రెంటినీ ఒకే కంటితో చూస్తాడు.

ఒకసారి మన తీరంలో వల బాగుచేసుకునే ఒక ముసలాయన మీద తీసిన పన్నెండు నిమిషాల సినిమాని, ఒక మలయాళ సినిమాకి ముందు వేశాం. పెద్ద సినిమాలో సముద్రం చాలా అందంగా ఉంది. చిన్న సినిమాలో సముద్రం దాదాపు కనబడదు, వినబడుతుంది అంతే. చర్చలో ఒక మత్స్యకార యువకుడు లేచి, "మాకు సముద్రం అలా కనబడదండి. పనిలో ఉన్నప్పుడు వలే కనబడతాది" అన్నాడు. ఆ మాట తర్వాత పెద్ద సినిమా గురించి మేం మాట్లాడిన తీరే మారిపోయింది.

జోడీ ఎప్పుడూ కుదురుతుందని కాదు. రెండు సినిమాల్లోనూ సైకిలు ఉందని ఒకసారి కలిపేశాం. సైకిలు తప్ప ఇంకేం కలవలేదు.

సినిమాలో మన యాస ఉంటే చాలా?

చాలదు. యాస ఉండటం వల్లే కొన్నిటిని వద్దన్నాం కూడా.

తెలుగు సినిమాలో మన మాట చాలాకాలం నవ్వించడానికే పనికొచ్చింది. పనిమనిషి, అమాయకుడు, తాగుబోతు, రౌడీ వెనకాల నిలబడే నాలుగోవాడు. హీరో మాత్రం హీరోలానే మాట్లాడతాడు. అది ఎలాగూ తెలిసిన గొడవే. ఇప్పుడు కొత్త చిక్కు ఇంకొకటి వచ్చింది. మన కుర్రాళ్లే తీసిన సినిమాల్లో కూడా ప్రతి వాక్యంలో "ఏటి" అని ఒకటి, "బేగి" అని ఒకటి చల్లుతున్నారు. కూరలో కొత్తిమీరలాగ. యాస అంటే నాలుగు మాటలు కాదు కదా. క్రియ ఎలా ముగుస్తుంది, ఎవరితో ఎలా మాట్లాడతారు, ఎక్కడ ఆగుతారు, ఇవన్నీ ఉండాలి. "తినేశాను" అనేవాడు మధ్యలో ఒక "ఏటి" వేసినంత మాత్రాన ఈ ఊరివాడు అయిపోడు. ఈ ఊరివాడు "తినీసేను" అంటాడు.

మాకు బాగా నచ్చిన ఒక చిన్న సినిమాలో కాల్ సెంటర్లో చేరిన అమ్మాయి ఇంటి అరుగు మీద కూచుని మేనేజరుతో ఫోన్లో మాట్లాడుతుంది. "చెప్పండి సార్, తప్పకుండా సార్." ఫోను చేత్తో మూసి లోపలికి కేకేస్తుంది: "వస్తన్నానే అమ్మా, నువ్వు తినీ!" మళ్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకోగానే గొంతు మారిపోతుంది. హాల్లో ముందు నవ్వారు. మూడోసారి అలా మారినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ పిల్లకి ఎంత అలసటగా ఉందో తెలిసిపోయింది. యాసని అలా వాడిన సినిమా వస్తే మాలో వాదన కూడా ఉండదు, వెంటనే తీసుకుంటాం.

గురజాడ గారు, గిడుగు గారు ఇద్దరూ ఈ నేల మనుషులు. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడింది వాళ్లే. అలాంటి చోట మాటల దగ్గర మేం కాస్త చాదస్తంగా ఉంటే మీరు సర్దుకోవాలి.

ఉద్దానం మీద, వలసల మీద, ఉద్యమం మీద డాక్యుమెంటరీలు ఎక్కువ వేయరెందుకు?

ఎక్కువ వస్తాయి కాబట్టి. శ్రీకాకుళం అనగానే బయటి కెమెరాకి మూడే కనిపిస్తాయి: కిడ్నీ జబ్బు, వలస బస్సు, 1960ల చివరి గిరిజన పోరాటం. మూడూ నిజమే, మూడూ ముఖ్యమే. ఉద్దానం అంటే కవిటి, సోంపేట, పలాస, మందస వైపు. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కూల్చిందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మా కమిటీలో ఒకరి మేనమామ డయాలసిస్ మీద చాలాకాలం ఉన్నారు. కానీ మాకు వచ్చే సినిమాల్లో సగం ఒకేలా ఉంటాయి. మంచం, సూది, చేతి మీద ఉబ్బిన నరం, వెనకాల వయొలిన్. మనిషి పేరు కూడా తెలియదు. ఆవిడ రోగం రాకముందు జీడిపప్పు ఒలిచేదా, కొబ్బరి తోట ఉందా, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఆ తోట పడిపోయిందా, ఏమీ ఉండదు. రోగం ఒక్కటే ఉంటుంది.

అందుకే ఇలాంటి సినిమా పంపితే రెండు సంగతులు అడుగుతాం. సినిమాలో కనిపించిన మనిషికి సినిమా చూపించారా? చూశాక వాళ్లు ఏమన్నారు? ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వచ్చేశామంటే మాకు సరిపోదు. వాళ్లకి ముందు చూపించండి, తర్వాత మాకు పంపండి. ఒక దర్శకురాలు అలాగే వెనక్కి వెళ్లి చూపించింది. ఆ ఇంటి పెద్దావిడ సినిమా అంతా చూసి, "నేను నవ్విన ముక్క ఒక్కటీ ఎట్టలేదేమమ్మా?" అని అడిగిందట. దర్శకురాలు ఆ ముక్క వెతికి పెట్టింది. సినిమా మొత్తానికి అదే ప్రాణం అయింది.

వలస సినిమాలకీ ఇదే. మన తీరం నుంచి గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లినవాళ్లు 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో ఇంటికొచ్చారు. ఆ ఏడాది పైచిలుకు రోజులు ఇంటి దగ్గర ఎలా గడిచాయో చెప్పే చిన్న సినిమా ఎవరైనా తీస్తే, కమిటీ కూడా కూడకుండానే వేసేస్తానని నేను ఒట్టు పెట్టాను. మిగతా ఆరుగురూ ఒప్పుకోలేదనుకోండి.

మలయాళం, మరాఠీ, ఇరాన్ సినిమాలు మా అమ్మకి ఎలా అర్థమవుతాయి?

ఈ ప్రశ్న మాకు ఇష్టం. దీని మీద పెట్టినంత చాకిరీ మేం ఇంక దేని మీదా పెట్టలేదు.

ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో వేసి ఊరుకోవడం చాలా సులువు. కానీ అప్పుడు హాల్లో ఎవరు కూచుంటారో ముందే తెలిసిపోతుంది. కాబట్టి ప్రతి సినిమాకీ తెలుగు సబ్‌టైటిళ్లు మేమే రాసుకుంటాం, దర్శకుల అనుమతి తీసుకుని. రాయడానికి కూచున్నాక గానీ అందులో ఉన్న బాధ తెలియలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్లో "ఆంటీ" అని ఉంటుంది. అత్తా, పిన్నా, పెద్దమ్మా, పక్కింటావిడా? "యు" అని ఉంటుంది. నువ్వా, మీరా? మొగుడూ పెళ్లాలు మొదటి సీనులో "మీరు" అనుకుని, గొడవలో "నువ్వు"లోకి దిగారా? ఇది తేల్చడానికి సినిమా రెండుసార్లు చూడాలి, ఆ భాష తెలిసినవాళ్లకి ఫోన్ చేయాలి.

ఇంకో చిక్కు మన వాక్యంలోనే ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఒకసారి ఒక వాక్యం రెండు ముక్కలుగా పడింది. మొదటి ముక్క: "మీ నాన్నని నేను". హాలంతా ఊపిరి బిగబట్టింది. రెండో ముక్క: "చూడనేలేదు". అంతే, గొల్లున నవ్వారు. సినిమాలో అది చాలా బాధాకరమైన ఘట్టం. అప్పటినుంచి వాక్యం తెరలు దాటకుండా కుదించి రాస్తున్నాం. మాట పోయినా ఫరవాలేదు, అర్థం ఒక్క తెరలో పూర్తవాలి.

చదవడం రానివాళ్లు, కళ్లు ఆననివాళ్లు ఉంటారు కదా? వాళ్ల కోసం ప్రతిరోజూ మధ్యాహ్నం ఆటకి "చెప్పేవాళ్లు" ఉంటారు. తెర పక్కన మైకు పట్టుకుని ఒకరు కూచుని, నెమ్మదిగా, అవసరమైనంతే తెలుగులో చెబుతారు. ఇదేదో మేం కనిపెట్టింది కాదు. మూకీ సినిమాల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనుషులు ఉండేవారు. పైగా ఇది హరికథ ఊరు. 1919లో ఇక్కడ మొదలైన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ హరికథకే పెట్టింది పేరైన ఆదిభట్ల నారాయణదాసు గారు. ఒక్క మనిషి పది మందిగా మారి కథ చెబితే ఎలా వినాలో ఇక్కడి జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మొదట్లో మా చెప్పేవాళ్లు ఎక్కువ చెప్పేసేవారు. పాత్ర ఏడుస్తుంటే "ఆమె ఏడుస్తోంది" అనేవారు. కనబడుతోంది కదా బాబూ! ఇప్పుడు నియమం ఒకటే. మాట ఉంటేనే మాట, తెర ఊరుకుంటే నువ్వూ ఊరుకో. ఒక ఇరాన్ సినిమాలో తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోతాడు, కారణం సినిమా చెప్పదు. చెప్పే అబ్బాయి బుద్ధిగా ఊరుకున్నాడు. చీకట్లోంచి ఒక ముసలావిడ, "ఆడెందుకెలిపోనాడ్రా?" అంది. ఇంకో మూల నుంచి ఇంకో ఆవిడ, "అప్పులయ్యుంటాయి" అంది. "అప్పులు కాదే, సిగ్గు" అని మూడో గొంతు. సినిమా నడుస్తూనే ఉంది. నిశ్శబ్దం కావాలనుకునేవాళ్లు రాత్రి ఆటకి రండి. మధ్యాహ్నం ఆటలో మేం ఎవర్నీ "ష్" అనం.

పెద్ద హీరోల సినిమాలు ఎందుకు వేయరు?

వాటికి థియేటర్లున్నాయి.

పాత సినిమాలు వేస్తారా?

సరైన కాపీ దొరికితే ఏటా ఒకటి. పొద్దున్న పూట. సుశీలమ్మ పుట్టిన ఊరు, ఘంటసాల గారు సంగీతం నేర్చుకున్న ఊరు, సాలూరు రాజేశ్వరరావు గారి శివరామపురం సాలూరు పక్కనే. పాత పాట వేయకపోతే మా ఇళ్లలోనే మాకు అన్నం పెట్టరు.

హక్కుల గురించి చాలామంది అడుగుతారు. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1955లో వచ్చిన సినిమా మీద హక్కు 2015 చివరికి తీరిపోయింది. అయితే హక్కు తీరినంత మాత్రాన మంచి కాపీ చేతికి రాదు. యూట్యూబులో ఉన్నది టీవీలో వచ్చినదాన్ని ఎవరో రికార్డు చేసినది. మూలలో ఛానల్ బొమ్మ, పాటలు కత్తిరించి, మొహాలు సాగదీసి. నలభై అడుగుల తెర మీద అది వేస్తే ఆ నటులకి అవమానం. సరైన కాపీ దొరికిన ఏడాదే వేస్తాం. దొరకని ఏడాది ఆ పొద్దున్న ఒట్టి పాటలే వింటాం. తెర తెల్లగా ఉంటుంది, హాల్లో లైట్లు ఆర్పేస్తాం. నిజం చెప్పాలంటే ఆ ఏళ్లలోనే జనం ఎక్కువ వచ్చారు.

అవార్డులు లేవా? ఎంట్రీ ఫీజు ఎంత?

అవార్డులు లేవు, ఫీజు లేదు. ఎంపికైన ప్రతి దర్శకుడికీ ఒక పొందూరు ఖద్దరు కండువా, వస్తూ పోతూ బస్సు చార్జీ, మా ఇళ్లలో భోజనం.

దీనికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నేనూ ఒక చిన్న సినిమా తీశాను. ఆన్‌లైన్‌లో ఒక "అంతర్జాతీయ" ఫెస్టివల్‌కి డాలర్లలో ఫీజు కట్టి పంపాను. ఉత్తమ చిత్రం అని మెయిల్ వచ్చింది. ఇంట్లో పండగ. ఫెస్టివల్స్ వాళ్లు ఇచ్చే ముద్ర, రెండు ఆకుల కొమ్మల మధ్య నా సినిమా పేరు. పోస్టర్ మీద వేసుకుని తిరిగాను. తర్వాత చూస్తే ఆ నెల ఉత్తమ చిత్రాలు నాతో కలిపి డజన్లలో ఉన్నాయి. ఆ ఫెస్టివల్‌కి హాలు లేదు, తెర లేదు, ప్రేక్షకుడు లేడు. నా సినిమాని వాళ్లు పూర్తిగా చూశారని కూడా నాకు నమ్మకం లేదు. ఈ జిల్లాల కుర్రాళ్లు పార్ట్ టైం పనులు చేసి దాచుకున్న డబ్బు అలా పోతుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. పంపే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మీ హాలు ఎక్కడ? జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.

సెన్సార్ సర్టిఫికెట్ కావాలా?

ఉంటే మంచిది. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం జనానికి వేసే సినిమాకి సర్టిఫికెట్ ఉండాలి. ఫెస్టివల్స్‌కి కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది, దానికి సినిమాల వివరాలతో మేం ముందే దరఖాస్తు పెట్టాలి. అందుకే ఆఖరి తేదీ దాటాక ఒక్క రోజు కూడా ఆగలేం. "అన్నా, రెండ్రోజులు" అని మెసేజ్ పెట్టకండి, నా చేతిలో లేదు.

సర్టిఫికెట్ లేని సినిమాకి వయసు సంగతి మేమే బోర్డు మీద రాస్తాం. 2023 సవరణతో యూఏ సర్టిఫికెట్లో 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి కదా, మేమూ అవే వాడుతున్నాం. పిల్లల్ని నిరభ్యంతరంగా తీసుకురండి. ఏడ్చే పిల్లల కోసం వెనక తలుపు పక్కన రెండు వరసలు ఖాళీ ఉంచుతాం.

ఫోనుతో తీసిన సినిమా పంపొచ్చా?

పంపొచ్చు. తీసింది దేనితో అని ఫారంలో అడగం కూడా. అయితే ఫోనుతో తీసినవాటిలో ఎక్కువగా పాడయ్యేది బొమ్మ కాదు, మాట. చాలా ఫోన్లు వెలుతురుని బట్టి సెకనుకి ఎన్ని ఫ్రేములు తీయాలో వాటంతట అవే మార్చేసుకుంటాయి. వేరే మైకులో రికార్డు చేసిన మాట దానికి కలిపితే, మొదట్లో సరిగ్గానే ఉంటుంది, పోనుపోను పెదవి ఒకచోట, మాట ఒకచోట. ఫ్రేములు మారకుండా 24కో 25కో బిగించే కెమెరా యాప్ వాడండి. ప్రతి షాటు ముందు ఒక్క చప్పట్టు కొట్టండి, ఎడిటింగులో కలుపుకోవడానికి గుర్తుంటుంది. షూటింగ్ అప్పుడు ఫ్యాన్ ఆపండి. చెమట పట్టినా తెర మీద బాగానే ఉంటుంది, ఎండాకాలం కథ అయితే ఇంకా మంచిది.

వాట్సాప్‌లో మాత్రం పంపకండి. అది సినిమాని పిండి పిప్పి చేసి పంపిస్తుంది.

ఏఐతో చేసిన సినిమాల గురించి ఈ ఏడాది కొత్తగా అడుగుతున్నారు. చూస్తాం. ఎక్కడ వాడారో చెప్పండి చాలు. మన ఊరి ముసలమ్మ మొహాన్ని మిషన్‌తో తయారు చేసి డాక్యుమెంటరీ అంటే మాత్రం తీసుకోం.

సంక్రాంతి తర్వాతే ఎందుకు పెడతారు?

దసరా తర్వాత పెడదామని మొదట అనుకున్నాం. దసరా దాటిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆ వారం ఊళ్లో ఇంకేదీ జరగదు, జరగకూడదు కూడా. పైగా అక్టోబరు అంటే తుఫాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. ఆ రోజుల్లో ప్రొజెక్టరు అద్దెకి తెచ్చుకోవడమంటే గుండె దిటవు ఉండాలి. తర్వాత కోతలు, నూర్పులు.

సంక్రాంతికైతే హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్లినవాళ్లంతా ఇంటికొస్తారు. వాళ్లు లేకుండా వలస సినిమా వేసి ఎవరికి చూపిస్తాం? ముక్కనుమ మర్నాడు మొదలుపెట్టి మూడు రోజుల్లో ముగిస్తాం. థియేటర్లు ఆ వారం పెద్ద సినిమాలతో నిండిపోతాయి, కాబట్టి హాలు అద్దెకి తీసుకుంటాం. ఒక ఏడాది ఒక హాలు వాళ్లు మేం అడ్వాన్సు ఇచ్చాక కూడా పెళ్లివాళ్లకి ఇచ్చేశారు. అప్పుడు స్కూలు మైదానంలో దుప్పట్లు కుట్టి తెర కట్టాం. మంచులో బొమ్మ కాస్త మసకగా పడింది. టీ బాగా అమ్ముడైంది.

రాత్రి ఆట ఆఖరి బస్సుని బట్టి ముగుస్తుంది. శ్రీకాకుళం, బొబ్బిలి, సాలూరు వైపు వెళ్లేవాళ్లు బస్సు కాంప్లెక్స్‌కి చేరడానికి అరగంట ఉండాలి. రైలులో వచ్చేవాళ్లకి గుర్తు చేస్తున్నాం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కణ్నుంచి ఊళ్లోకి రాత్రిపూట ఆటో కష్టం. మూడు గంటల సినిమా ఎంత గొప్పదైనా రాత్రి వేయలేకపోవడానికి కారణం ఇదే. గొప్ప దర్శకుడే, ఏం చేస్తాం, బస్సు ఆగదు.

డబ్బు ఎవరిస్తారు?

చందాలు. బట్టల కొట్టు నుంచి మందుల షాపు దాకా. ఇచ్చినవాళ్ల పేర్లన్నీ ఒకే సైజు అక్షరాలతో గేటు దగ్గర రాస్తాం. వేదిక ఎక్కి మాట్లాడటం చందాలో భాగం కాదు. ఒకసారి పెద్ద మొత్తం ఇస్తానన్న ఒకాయన ప్రతి సినిమాకీ ముందు తన వెంచర్ ప్రకటన వేయమన్నారు. టీచరమ్మ గారు నవ్వుతూ వద్దండి అన్నారు. ఆ ఏడాది భోజనాల్లో పప్పు పల్చగా ఉంది.

మా సినిమాని తీసుకోలేదు. కారణం చెబుతారా?

చెబుతాం. ఒక పేజీ రాసి పంపుతాం, ఏడుగురిలో కనీసం ఇద్దరి మాటలు ఉన్నవి ఉన్నట్టు. కొందరికి కోపం వస్తుంది. ఒకబ్బాయి మాకు మూడు పేజీలు తిరుగు ఉత్తరం రాశాడు, మా అభిరుచిని చీల్చి చెండాడుతూ. మంచి తెలుగు. మరుసటి ఏడాది అతన్ని చెప్పేవాడిగా మైకు దగ్గర కూచోబెట్టాం.

పండగలో పనిచేయడానికి రావొచ్చా?

రండి. సబ్‌టైటిళ్లు టైపు చేయడానికి నవంబరు నుంచే మనుషులు కావాలి, అచ్చుతప్పులు లేకుండా తెలుగు కొట్టగలిగితే చాలు. మలయాళం, ఒడియా, సవర వచ్చినవాళ్లయితే మీ ఇంటికే వచ్చి బతిమాలుకుంటాం. ఏమీ రాకపోయినా మూడో రోజు రాత్రి రండి. అద్దె కుర్చీలు ఆ రాత్రికి రాత్రే తిరిగి ఇచ్చేయాలి, ఇవ్వకపోతే ఇంకో రోజు అద్దె వేస్తారు. టీ ఆయన కూడా వస్తాడు, నాలుగేసి కుర్చీలు ఒకేసారి ఎత్తేది ఆయనొక్కడే.